పెళ్ళి క్యాసెట్ చివరి పావుగంట

ఆదిలాబాద్‌లో ఆ ఆర్కెస్ట్రా మాస్టర్ ఇంటి వరండాలో నేను కూర్చున్నది మూడు గంటలు. రెండున్నర అని ఆయన తర్వాత చాలామందితో చెప్పాడట. మూడు. నా చేతికి గడియారం ఉంది, పనేమీ లేదు, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఎనభైల చివరి మాట ఇది. మా ఊరు లక్సెట్టిపేట పక్కనే. ఆ మాస్టర్ దగ్గర డ్రమ్ము వాయించేవాడు నాగపూర్ వెళ్ళిపోతున్నాడనీ, వినాయక చవితి లోపల ఇంకొకరిని పెట్టుకుంటారనీ మంచిర్యాలలో విన్నాను. చవితి పదకొండు రోజులూ ఆ ఆర్కెస్ట్రాకు ఆదిలాబాద్ నుంచి అటు మహారాష్ట్ర ఊళ్ళ దాకా రోజుకో చోట ప్రోగ్రాం. ఆ డ్రమ్ముల వెనక కుర్చీ నాకు కావాలి. అంతకుముందు ఏదీ నేను అంతగా కోరుకోలేదు. తెల్లవారుజామున బస్సెక్కాను. నిర్మల్‌లో దిగి ఇంకో బస్సు పట్టుకుంటే ఇచ్చోడ దగ్గర దాని టైరు పోయింది. గంటసేపు ఎండలో నిలబడి, ఆ దుమ్ముతోనే ఆయన గుమ్మం ముందుకు వెళ్ళాను.

ఆయన భార్య బయటికి వచ్చి, "తింటున్నరు, కూసో" అంది. కూర్చోమన్న చోట చెప్పులు విడిచి ఉన్నాయి. నా తర్వాత నలుగురు వచ్చారు. నలుగురినీ లోపలికి పిలిచారు. చివరికి మాస్టర్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూశాడు.

"నువ్వెవలవు?"

"డ్రమ్ము వాయిస్త మాస్టర్. లక్సెట్టిపేట నుంచి వచ్చిన."

"ఇయ్యాల కాదు. మళ్ళ వారం రా."

మళ్ళీ వారం నేను వెళ్ళలేదు. ఆ గుమ్మం ఇక తొక్కనని బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి ఉత్తరం రాశాను: నేను రాను, నా వాయింపు క్యాసెట్లో పట్టి పంపిస్తాను, వినండి అని. పది రోజులకు కార్డు వచ్చింది. ఆడియో క్యాసెట్ వద్దు, ఒకడు ఇంకొకడి వాయింపు పంపి తనను ఇంతకుముందు మోసం చేశాడు, చేతులు కనబడాలి, పంపితే వీడియో పంపు, ఆషాఢం దాటనివ్వకు. అంతే. నమస్కారం కూడా లేదు.

వీడియో అంటే అప్పట్లో పెళ్ళిళ్ళకు తీసేది. అసలు నా డ్రమ్ములే ఒక సెట్టు కావు. మా ఊరి బ్యాండు మేళం చెదిరిపోయినప్పుడు పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము కొన్నాను. పెద్దదానికి ఒక పక్క చర్మం, ఇంకో పక్క ఎరువుల సంచి ప్లాస్టిక్. కర్రతో కొట్టి మోగించే ఇత్తడి పళ్ళెం ఒక అంచు పగిలింది. కాలితో కొట్టే పెడల్ మా ఊరి కమ్మరి చేసి ఇచ్చాడు, సైకిల్ స్ప్రింగు పెట్టి. ఆ మేళం పెద్దమనిషి దగ్గరే నేను వాయింపు నేర్చుకున్నాను. అందుకు మా బాపు ఏడాదిపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పదెకరాల ఇంటి పిల్లవాడు మేళం వాళ్ళ వెంట తిరుగుతాడా అని చుట్టాలు అడిగారట. ఎవరెవరు అడిగారో నాకు తెలుసు. ఇప్పటికీ వాళ్ళ ఇళ్ళలో నేను భోజనం చేయను.

మంచిర్యాలలో పెళ్ళిళ్ళకు వీడియో తీసే అన్న ఒకాయన ఉండేవాడు. కెమెరా కిరాయి, లైటు, కొత్త క్యాసెట్, మిక్సింగు అన్నీ కలిపి ఆయన చెప్పిన ధర వినగానే లేచి బయటికి వచ్చేశాను. మళ్ళీ లోపలికి వెళ్ళాను.

"అన్నా, నాకు పావుగంట చాలు."

"పావుగంటకైనా కెమెరా కెమెరానే గద తమ్మీ."

ఆ గుంజులాటలోంచే ఒక దారి దొరికింది. జ్యేష్ఠంలో లక్సెట్టిపేటలో ఆయనకు ఒక పెళ్ళి ఉంది. మూడు గంటల క్యాసెట్టు. అప్పగింతలయ్యాక టేపు చివర్లో ఎంతో కొంత మిగులుతుంది. అది నాకు తీసిపెడతాడు. బదులుగా ఆ రోజంతా నేను ఆయన లైటు పట్టుకోవాలి, వైరు మోయాలి.

"మిగిల్తె నీది. మిగలకుంటె నీ నసీబు. మళ్ళ నా మీద పడొద్దు," అన్నాడు.

ఇక వెలుతురు సంగతి ఒక్కటే మిగిలింది. ఆయన లైటు మా ఇంట్లో పెడితే వోల్టేజీ లేక కళ్ళు మూసుకుంటుంది, లేదా ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకని పశువుల కొట్టం కప్పు మీద గూన పెంకులు రెండు వరుసలు తీసేశాను. పొద్దుటి లగ్నం, పన్నెండుకల్లా అయిపోతుందని అన్న చెప్పాడు. మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడినుంచి ఎండ తిన్నగా డ్రమ్ముల మీద పడుతుంది. లైటు అక్కర్లేదు. రెండు రోజులు నేల మీద బొగ్గుతో గీతలు గీసి ఎండ ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకున్నాను. గోడలకు బొంతలు కట్టాను, చప్పుడు మార్మోగకుండా. బాపు వచ్చి పైకి చూశాడు.

"ఇల్లు పీకినవా ఏందిరా?"

"కొట్టమే బాపు. ఒక్క రోజు."

"వాన పడితే?"

"పడది."

"నీకు చెప్పి వస్తదా?"

మా అవ్వ ఎడ్లను ఆ రోజు చింతచెట్టు కింద కట్టేస్తానంది. ఆమె ఒక్కతే ఆ విషయంలో నన్ను ఏమీ అడగలేదు.

ఆ పెళ్ళి రోజంత పొడుగైన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు. లైటు స్టాండు పట్టుకుని కెమెరా పక్కనే నిలబడ్డాను. కళ్ళు మాత్రం క్యాసెట్ మీదే. ఎంత చుట్టుకుందో కెమెరా పక్కనున్న చిన్న అద్దంలోంచి కనిపిస్తుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు సరే, అవి లేకపోతే పెళ్ళే కాదు. కానీ కట్నాలు చదివించే దగ్గర ప్రతి మనిషీ కవరు ఇచ్చి, కెమెరా వైపు తిరిగి, అలాగే బొమ్మలా ఆగిపోయేవాడు. తనను తీసేదాకా కదలడు. ఒక్కొక్కరికి నా టేపు అరనిమిషం. ఒక పెద్దాయన మనవరాలిని ఎత్తుకుని మళ్ళీ ఇంకోసారి ఇచ్చాడు.

నేను ఉండబట్టలేకపోయాను. "జర నడువుండ్రి, నడువుండ్రి, వెనక మంది ఉన్నరు," అన్నాను.

పెళ్ళికూతురు మేనమామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "లైటు పట్టుకొచ్చినోనివి లైటు పట్టు. నీ ఇంట్ల లగ్గమా?"

భోజనాల దగ్గర ఇంకా ఘోరం. అన్న ప్రతి విస్తరినీ తీస్తాడు, ప్రతి నోటినీ తీస్తాడు.

"అన్నా, తినేది ఎందుకు?"

"తినేది తియ్యకుంటె పైసలియ్యరు తమ్మీ. ఎవలెవలు తిన్నరో వాళ్ళకు లెక్క కావాలె."

అప్పగింతల్లో పెళ్ళికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తుంటే అందరి కళ్ళలో నీళ్ళు. నా కళ్ళు క్యాసెట్ మీద. ఆమె ఏడుపు ఆగితే బాగుండునని అనుకున్నాను. చెడ్డ ఆలోచనే, ఒప్పుకుంటాను. కారు కదిలేసరికి టేపు ఒక వేలు మందం మిగిలింది. అన్న చూసి, "పదిహేను నిమిషాలు. నసీబున్నది," అన్నాడు.

అన్న స్కూటరు మీద మా ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. నా బొగ్గు గీతలు పన్నెండింటికి గీసినవి. ఎండ డ్రమ్ముల మీద లేదు, గడ్డివాము పక్క గోడ మీద ఉంది. పెద్ద డ్రమ్ము నేను, చిన్నది అవ్వ, పళ్ళెం వీడియో అన్న, అందరం మోసుకుని గోడ దగ్గర పెట్టాం. మూడు నిమిషాలు వాయించేసరికి ఎండ జరిగింది. ఆపాం, జరిపాం. మళ్ళీ వాయించాను. మళ్ళీ జరిగింది. నాలుగోసారి నేను కుర్చీతో సహా గోడ మూలకు చేరాను. అయినా వాయించాను. సాదా దెబ్బ, దాని మీద మెలికలు, తర్వాత ఏడు మాత్రల నడక, చివర గట్టిగా పరుగు. మొత్తం పదిహేను నిమిషాల్లో ఒక్క చోట కూడా నేను తప్పలేదు. ఇది నేను చెప్పుకోవడం కాదు. నా వేళ్ళకు తెలుసు.

క్యాసెట్ కరీంనగర్ వెళ్ళింది. మిక్సింగు అక్కడే చేస్తారు. పెళ్ళి భాగం పెళ్ళివారికి, నా పావుగంట నేను కొనిచ్చిన ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇవ్వాలి. వారం అన్నారు. మూడు వారాలు పట్టింది. ఈలోపల రోజూ బస్టాండుకు వెళ్ళి మంచిర్యాల బస్సు చూసి వచ్చేవాణ్ణి. ఆషాఢం వచ్చేసింది, కొట్టం మీద పెంకులు మళ్ళీ కప్పాను, కప్పిన మర్నాడే వాన పడింది. బాపు పైకి చూసి దగ్గాడు, అంతే.

దుబాయ్‌లో ఉన్న మా సొంత అన్న పంపిన టీవీ, వీసీఆర్ మా ఇంట్లో ఉండేవి. క్యాసెట్ వచ్చిందని తెలిసి పక్కింటి ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. వదిన క్యాసెట్ పెట్టింది.

మొదట గులాబీలు. తర్వాత "సుస్వాగతం". తర్వాత ఒక హృదయం ఆకారం, దాని మధ్యలో చెమటతో నా మొహం. పక్కింటామె కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత నా చేతులు కనిపించాయి, చేతులతో పాటు పాట వినిపించింది. ఆ ఏడాది ప్రతి పెళ్ళిలోనూ మోగిన యుగళగీతం. సన్నాయి, వయొలిన్లు, ఆడగొంతు, మగగొంతు. నా డ్రమ్ము ఎక్కడా లేదు. నేను కొడుతున్నాను, ఎవరో ప్రేమించుకుంటున్నారు.

"మంచిగనే ఉన్నది గద," అంది పక్కింటామె.

"సౌండు ఏది?" అన్నాను. లేచి టీవీ గుండీలన్నీ తిప్పాను. పాట పెద్దదైంది, చిన్నదైంది. నా డ్రమ్ము రాలేదు.

వదిన నవ్వు ఆపుకుంటూ అంది, "మరిదీ, నీ లగ్గం క్యాసెట్ ముందే వచ్చింది. పిల్లే రాలే."

మర్నాడు పొద్దునే కరీంనగర్ వెళ్ళాను. ఇరుకు గది, రెండు వీసీఆర్‌లు, ఒక పాటల క్యాసెట్ల గుట్ట. మిక్సింగు చేసే ఆయన తలెత్తకుండానే విన్నాడు.

"నా చప్పుడు ఎందుకు తీసినవ్?"

"పెండ్లి టేపుల పాట లేకుంటె పార్టీ మా మీదికొస్తది సార్. ఒట్టి చప్పుడు ఎవలు వింటరు?"

"నాది పెండ్లి కాదు!"

"పెండ్లి కాకుంటె పెండ్లి క్యాసెట్ల ఎందుకున్నవ్?"

దీనికి జవాబులు తర్వాత చాలా దొరికాయి.

"సరే, అసలు టేపు ఇయ్యి. ఇంకోసారి ఎక్కించుకుంట."

ఆయన మొదటిసారి తలెత్తాడు. "దాని మీద జ్యేష్ఠం ఆఖర్లనే హుజూరాబాద్ పెండ్లి ఎక్కింది. టేపులు ఊకె పెడ్తమా?" తర్వాత కొంచెం జాలిపడ్డట్టు, "జర మంచి పాటనే ఏసిన సార్. గిప్పుడు నంబర్ వన్ అదే," అన్నాడు.

మళ్ళీ తీయించడానికి దారి లేదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, పెళ్ళి లేకుండా మిగిలిన టేపు లేదు. "నువ్వే పోయి వాయించి రారాదు? ఒక్క బస్సు టికెట్‌తోని అయిపోతది," అంది వదిన. ఆ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నానని చెప్పాను. "ఆ ఒట్టు ఆయనకు తెల్సా?" అంది. తెలియకపోవడం ఒట్టుకు లోపం కాదు.

క్యాసెట్ అలాగే రిజిస్టర్ పోస్టులో పంపాను. లోపల ఒక ఉత్తరం పెట్టాను. పాట నాది కాదు, సౌండు తగ్గించి చేతులు మాత్రం చూడండి అని స్పష్టంగా రాశాను. నాలుగు పేజీల ఉత్తరం. విషయం వరుసగా చెప్పాలి కాబట్టి వరండాలో కూర్చోబెట్టిన దగ్గర మొదలుపెట్టాను, నా తర్వాత వచ్చి లోపలికి వెళ్ళిన నలుగురి సంగతి, ఇచ్చోడ దగ్గర ఎండ, కార్డు మీద నమస్కారం లేకపోవడం. పాట సంగతి నాలుగో పేజీలో ఉంది.

శ్రావణం మధ్యలో కార్డు వచ్చింది. మూడు వాక్యాలు. చేతులు బాగున్నాయి. లయ తప్పుతోంది, దెబ్బ పాటకు కలవడం లేదు. ఇచ్చోడ వైపు మనిషి ఒకతన్ని మాట్లాడుతున్నాం.

పోస్ట్‌మ్యాన్ ఆ కార్డు చదివే ఇచ్చాడని ఆయన మొహం చూస్తే తెలిసింది. కార్డు కదా, ఎవరైనా చదువుతారు. సాయంత్రానికి ఊళ్ళో సగం మందికి నా లయ తప్పుతుందని తెలిసిపోయింది. బ్యాండు మేళం పెద్దమనిషి కూడా దారిలో ఆపి, "గట్లెట్ల రాసిండు కొడుకా?" అని అడిగాడు. ఆయన అడిగిన తీరు నాకు నచ్చలేదు. ఆయన కూడా కొంచెం నమ్మినట్టే ఉంది.

కుర్చీ పోతే పోనీ అనుకోగలనేమో. లయ తప్పిందన్న మాటతో మాత్రం ఆ ఊళ్ళో బతకలేను. అన్నం తింటుంటే అదే, పొలంలో నీళ్ళు కడుతుంటే అదే. మూడు రోజులు నాతో వేగలేక అవ్వ పొద్దున్నే సద్ది మూట కట్టి నా ముందు పెట్టింది.

"పో బిడ్డా. పోయి కొట్లాడన్న కొట్లాడు. ఇంట్ల ఉండి మా పానం తియ్యకు."

ఒట్టు సంగతి ఆమెకు గుర్తు చేయలేదు. బస్సెక్కాను.

ఈసారి కూర్చోమనకముందే లోపలికి వెళ్ళాను. మాస్టర్ హార్మోనియం ముందు ఉన్నాడు. కార్డు తీసి దాని మీద పెట్టాను.

"నా లయ ఎక్కడ తప్పింది? చూపెట్టుండ్రి."

"అరే, నువ్వా. చూపెట్టేదేముంది, పాట ఒక దిక్కు, నువ్వు ఒక దిక్కు."

"పాట నాది కాదు. కరీంనగర్‌ల ఏసిండ్రు. ఉత్తరంల రాసిన గద?"

"ఏ పేజీల?"

"నాలుగుల."

మాస్టర్ నవ్వాడు. "మొదటిదాన్ల నన్ను తిట్టుడే ఉన్నది. ఇంకా మూడు పేజీలు తిట్లే అనుకొని పక్కకు పెట్టిన."

క్యాసెట్ పెట్టమన్నాను. ఆయన ఒప్పుకోలేదు, నేను వదల్లేదు. చివరికి పెట్టాడు. నేనే వెళ్ళి టీవీ సౌండు పూర్తిగా బంద్ చేశాను. గదిలో ఏ చప్పుడూ లేదు. టీవీలో నేను కొడుతున్నాను, ఎండ జరిగినప్పుడల్లా నేనూ జరుగుతున్నాను.

"గిప్పుడు చేతులు చూసుకుంట తాళం ఎయ్యుండ్రి," అన్నాను.

ఆయన విసుగ్గానే హార్మోనియం చెక్క మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. నా చేతులు దిగినప్పుడల్లా ఆయన చెయ్యి దిగింది. కొంతసేపటికి విసుగు పోయింది. ఏడు మాత్రల నడక దగ్గర ఆయన ముందుకు వంగాడు. పరుగు దగ్గర ఆయన చెయ్యి ఒకసారి వెనకబడింది, నాది కాదు. నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశాడు.

క్యాసెట్ ఆగిపోయాక లోపలి గదిలోని డ్రమ్ముల మీద కూర్చోబెట్టి వాయించమన్నాడు. నిజమైన సెట్టు, రెండు పక్కలా చర్మం, పగలని పళ్ళెం. ఎంతసేపు వాయించానో తెలియదు. ఆపినప్పుడు ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మంచిగ ఉన్నది. గాని ఇచ్చోడాయనకు మాట ఇచ్చిన. బయానా గూడ ఇచ్చిన. చవితి అతనే వాయిస్తడు. తుంబా కాడ మనిషి కావాలె, వస్తవా?"

తుంబా అంటే పొడుగు డ్రమ్ములు, చేత్తో కొట్టేవి. వెనక మూలన నిలబడి వాయించాలి, ఎవరికీ కనిపించదు.

"వస్త. గాని ముందుగాల ఒక మాట అనాలె."

"ఏం మాట?"

"నా లయ తప్పలేదని. కార్డు మీద ఎట్ల రాసిండ్రో గట్లనే."

"ఇంక ఇడ్వవా? తీసుకుంట అన్న గద!"

"తీసుకునుడు వేరు, అనుడు వేరు."

ఆయన మొహం ఎర్రబడింది. అంతవరకు వంటింట్లో ఉన్న ఆయన భార్య చాయ్ గ్లాసులతో వచ్చి, అసలు సంగతి అంతా వింటూనే ఉన్నట్టుంది, ఆయనతో మరాఠీ, తెలుగు కలిపి, "మ్హణా కీ, అనరాదుండ్రి, చాయ్ చల్లగైతుంది," అంది.

మాస్టర్ ఆమె వైపు తిరిగి, "హ్యాచా తాల్ చుకలా నవ్హతా," అన్నాడు. వీడి తాళం తప్పలేదు అని. మరాఠీలో అన్నాడు, నాతో కాదు, ఆమెతో అన్నాడు. దాన్ని నేను సగం కిందే లెక్కవేసుకున్నాను. చాయ్ తాగాను.

ఆ చవితికి పదకొండు రోజులూ తుంబా దగ్గర నిలబడ్డాను. ఇచ్చోడ ఆయన మంచివాడే, మనిషిగా నాకు ఏ ఫిర్యాదూ లేదు. మూడో రోజు రెండు చోట్ల లయలో జారాడు. దిగగానే మాస్టర్‌కు చెప్పాను.

"నాకు చెవులు లేవా? నువ్వు జర తుంబా చూస్కో," అన్నాడు.

చూసుకున్నాను. కానీ అతను ఎక్కడెక్కడ జారాడో రోజూ ఒక చీటీ మీద రాసిపెట్టాను, ఏ పాటలో ఏ చరణం దగ్గరో సహా. నిమజ్జనం మర్నాడు అందరూ సామాన్లు సర్దుతుంటే ఆ చీటీ మాస్టర్ చేతికి ఇచ్చాను. ఆయన చదవలేదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను బస్సెక్కి ఊరికి వచ్చేశాను.

దసరాకు రెండు వారాల ముందు కార్డు వచ్చింది. ఈసారి ఒకటే వాక్యం. ఇచ్చోడాయన బదులు నువ్వు డ్రమ్ము మీద కూర్చోవాలి, వెంటనే రా. పోస్ట్‌మ్యాన్ దాన్ని పైకి చదివి మరీ ఇచ్చాడు, అందుకు మాత్రం ఆయన మీద నాకు కోపం రాలేదు. కార్డు రెండు పక్కలా తిప్పి చూశాను. లయ సంగతి ఎక్కడా లేదు. నమస్కారం కూడా లేదు. మధ్యాహ్నం బస్సుకే బయలుదేరాను.